మాస్టర్ బిళ్ళ

పన్నెండో గడిలో ఒక మనిషి పేరు రాయమన్నారు. శుక్రవారం లోపల.

ఆ ఫారం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో సరుకు నంబరు, అలా పోయి పోయి పదకొండో గడిలో 'లోపానికి మూలకారణం', పన్నెండో గడిలో 'బాధ్యుడైన ఉద్యోగి'. ఇంగ్లండు నుంచి వచ్చిన ఫారం. తప్పు ఎప్పుడూ ఉద్యోగిదే అయ్యుంటుందని అచ్చు వేయకముందే తేల్చేసుకున్న ఫారం. 'బాధ్యుడైన మేనేజరు' అని ఇంకో గడి పెడితే కాగితం చాలదు కాబోలు.

కోపంగా చెబుతున్నానని మీకు అనిపిస్తే సరిగ్గానే అనిపించింది. ఇది 2003 ఆగస్టు నాటి సంగతి. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నా పేరు కిరణ్మయి. మాది కడప. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, బెంగళూరు మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకుంటూ, రెండు బస్సులు మారి హూడికి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. గదిలో మిగతా ముగ్గురూ సాఫ్ట్‌వేరు. వాళ్ళు ఏసీ బస్సు ఎక్కేవాళ్ళు, నేను హూడి రైల్వే గేటు దగ్గర దుమ్ము మింగుతూ నిలబడేదాన్ని. "ఫిజిక్స్ చదివి గాజు ముక్కలు తుడుస్తావా" అని ఏడిపించేవాళ్ళు. ఏడిపించనీ.

మా కంపెనీ అద్దాలనీ కటకాలనీ పరీక్షించే పరికరాలు చేసేది. ఒక అద్దం ఎంత చదునుగా ఉందో తెలియాలంటే, దానికంటే చదునైనది ఇంకొకటి దాని పక్కన ఉండాలి. మా పరికరానికి గుండెకాయ అదే. అరచేయంత వెడల్పు, రెండు వేళ్ళ మందం ఉన్న గుండ్రటి గాజు. పని జరిగే షాపులో అందరూ దాన్ని బిళ్ళ అనేవాళ్ళు. ఆ బిళ్ళ మీద ఎత్తుపల్లాలు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండకూడదు. అంత చదును యంత్రంతో రాదు. యంత్రం దగ్గర దాకా తెస్తుంది, ఆ తర్వాత మనిషి చెయ్యి పడాల్సిందే.

పరికరం మొత్తం హూడిలోనే తయారయ్యేది. పెట్టె మీద పేరు మాత్రం ఇంగ్లండు కంపెనీది. ఆ పేరు ఇక్కడ రాసి వాళ్ళకి ఊరికే ప్రచారం చేసిపెట్టే ఉద్దేశం నాకు లేదు. మేం వాళ్ళని ఇంగ్లండోళ్ళు అనేవాళ్ళం, అదే చాలు. 1997లో వాళ్ళు అక్కడి పని మూసేసి మాకు అప్పజెప్పారు. పని మాకు, పేరు వాళ్ళకి.

బిళ్ళకి ఆఖరి చదును తెచ్చే ఆ చెయ్యి రామాంజినప్పది. యాభై ఏడేళ్ళు. చింతామణి పక్క పల్లె నుంచి చిన్నప్పుడే బెంగళూరు వచ్చి, మాగడి రోడ్డులో వెంకటరమణప్ప అనే ఆయన రేకుల షెడ్డులో గాజు అరగదీయడం నేర్చుకున్నాడు. తారులాంటి నల్లటి కీలు పూసిన పలక మీద ఎర్ర పొడి కలిపిన నీళ్ళు చల్లి, దాని మీద బిళ్ళని బోర్లించి రుద్దుతూ గంటలు గంటలు గడిపేవాడు. కీలు గట్టిగా ఉందో మెత్తగా ఉందో బొటనవేలి గోరు నొక్కి చెప్పేవాడు. నా దగ్గరున్న థర్మామీటరు అబద్ధం చెప్పిందేమో గానీ ఆ గోరు ఎప్పుడూ చెప్పలేదు.

నా పని పరీక్ష. పచ్చదీపం కింద ఆయన బిళ్ళ మీద, కొలతకి ప్రమాణంగా ఉంచుకున్న మాస్టర్ బిళ్ళ పెట్టి చూస్తే నల్లటి గీతలు కనిపిస్తాయి. గీతలు తిన్నగా ఉంటే బిళ్ళ చదును. వంకరగా ఉంటే వంకర. మాస్టర్ ఇంగ్లండోళ్ళది, ఇత్తడి చట్రంలో బిగించి, మూడు స్క్రూల మీద ఎర్ర లక్కతో సీలు వేసి పంపేవాళ్ళు. సీలు విప్పకూడదు. పరీక్ష అయ్యాక నేను సర్టిఫికెట్ రాసి సంతకం చేయాలి. ఎవరు పరీక్షించారు, ఏ మాస్టర్‌తో పోల్చారు, ఆ మాస్టర్ ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, అన్నీ రాయాలి. కొలతకి పుట్టుపూర్వోత్తరాలు ఉండాలనేది వాళ్ళు పెట్టిన రూలే. మూడేళ్ళుగా ఆ చివరి గడిలో నేను 'ఇంగ్లండు' అనే రాస్తూ వచ్చాను. నా సంతకం నమూనా అక్కడ నమోదై ఉంది. ఇంకెవరు సంతకం పెట్టినా సరుకు దించుకోరు.

రామాంజినప్పకి రెండు అలవాట్లు ఉండేవి. చేత్తో రుద్దిన బిళ్ళ వేడెక్కి ఉంటుంది కనక నాలుగు గంటలు ఇనుప బల్ల మీద వదిలేయాలి. "నిద్రపోనీమ్మా. నిద్ర చాలకుంటే బిళ్ళ అబద్ధాలు చెప్తాది" అనేవాడు. రెండోది, పని పూర్తయ్యాక వజ్రం మొనతో బిళ్ళ అంచు మీద సన్నగా గీసేవాడు. ఒక అడ్డగీత, దాని మీద రెండు చుక్కలు, పక్కన సంవత్సరం. మాగడి రోడ్డు షెడ్డులో అందరికీ తలొక గుర్తు ఉండేదట.

"పేరు కోసమా అన్నా?" అని మొదట్లో ఒకసారి అడిగాను.

"పేరెందుకమ్మా? రేపు బిళ్ళలో తప్పొస్తే ఎవుర్ని అడగల్ల? నన్నే కదా. ఇది తప్పుకి అడ్రెస్సు. గుర్తు లేకుండా బిళ్ళ బయటికి పోకూడదని వెంకటరమణప్ప కొట్టి నేర్పించినాడు."

కాంట్రాక్టులో మాత్రం సరుకు మీద మా వాళ్ళ గుర్తులేవీ ఉండకూడదని రాసి ఉంది. గుర్తు ఇత్తడి చట్రం లోపలికి పోతుంది, ఎవరికీ కనపడదు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

1995లో, రామాంజినప్ప ఇంకా మా కంపెనీకి రాకముందు, ఇంగ్లండోళ్ళు మొదటిసారి మాగడి రోడ్డు షెడ్డుకి వచ్చినప్పుడు శాంపుల్ అని ఆరు బిళ్ళలు పట్టుకెళ్ళారట. చూసి తిరిగి పంపుతామన్నారట. "ఇంకా చూస్తానే ఉండారు" అని రామాంజినప్ప నవ్వేవాడు.

ఆ జూన్‌లో పాత మాస్టర్ మీద గీట్లు పడ్డాయని, అది ఇంగ్లండుకి వెనక్కి పోయింది. కొత్త మాస్టర్ వచ్చింది. అప్పుడు మేం పంపాల్సింది ఇరవైరెండు విడి బిళ్ళలు. మొదటిదాన్ని కొత్త మాస్టర్ కింద పెట్టి చూస్తే గీతలు వంకర. రెండోది వంకర. ఇరవైరెండూ వంకర. నేను నివ్వెరపోయాను. మూడేళ్ళలో ఆయన చేతి బిళ్ళ ఒక్కటి నా దగ్గర తప్పలేదు.

మా మేనేజరు దామోదర్ విజయవాడ మనిషి. చెడ్డవాడని చెప్పను, చెడ్డవాడైతే నాకు కోపం తేలిగ్గా ఉండేది. విషయం ఇంగ్లండుకి తెలియగానే వాళ్ళు ఫారం పంపారు. గిల్బర్ట్ అనే వాళ్ళ మనిషి శుక్రవారం స్వయంగా వస్తున్నాడు. దామోదర్ సోమవారం పొద్దున నన్ను పిలిచి ఫారం ముందు పెట్టాడు.

"పదకొండులో 'హ్యాండ్ పాలిషింగ్ ఎర్రర్' అని రాసెయ్. పన్నెండులో రామాంజినప్ప పేరు. ఏజ్ అయిపోయింది కిరణ్మయీ, చూపు తగ్గింది. కారణం క్లియర్‌గా చూపిస్తే గిల్బర్ట్ ఇంకో రెండు నెలలు టైమిస్తాడు. ఈలోగా ఆయన్ని పంపించేసి మెషీన్ తెప్పిద్దాం."

"పేరు రాస్తే ఆయన్ని తీసేస్తారా సార్?"

"రాశాక ఎలా ఉంచుతాం?"

నలభై ఏళ్ళ చేతిని ఒక గడిలో పడేసి మూత పెట్టమంటున్నాడు, అది కూడా నా చేత్తో. నేను ఫారం తీసుకుని టెస్ట్ రూమ్‌కి వచ్చేశాను. ఆ గదిలో ఎండాకాలంలో కూడా ఇరవై డిగ్రీలే, అందరం స్వెటర్లు వేసుకునేవాళ్ళం. ఆ రోజు నాకు స్వెటర్ అక్కర్లేకపోయింది.

రామాంజినప్ప తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏమంటాది బిళ్ళ?" అన్నాడు. రోజూ అడిగే మాటే.

"వంకరంటాది అన్నా."

ఆయన లోపలికొచ్చి కళ్ళజోడు సర్దుకుని గీతలకేసి చాలాసేపు చూశాడు. "నా బిళ్ళని స్వల్ప తిప్పు" అన్నాడు. మాస్టర్‌ని కదపకుండా కిందిదాన్ని పావు వంతు తిప్పాను. ఇద్దరం మళ్ళీ వంగి చూశాం. వంకర ఎక్కడున్నది అక్కడే ఉంది. బిళ్ళ తిరిగింది, వంకర తిరగలేదు.

ఇంతకంటే తేటగా చెప్పేదేముంది? వంకర మా బిళ్ళదైతే బిళ్ళతో పాటు తిరగాలి. అది మాస్టర్‌కి అంటుకుని కూర్చుంది. నాకు ఆ ఆలోచన ముందే రానందుకు సిగ్గేసింది. ఎమ్మెస్సీలో ఫస్ట్ క్లాసు నాది. కానీ మాస్టర్ తప్పు కావచ్చన్న ఊహే నా బుర్రలోకి రాలేదు, ఎందుకంటే అది ఇంగ్లండు నుంచి వచ్చింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఆయన బిళ్ళలనే మూడింటిని తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి అన్ని జతలూ చూశాం. ఏ రెండు కలిపినా గీతలు తాడు లాగినట్టు తిన్నగా ఉన్నాయి. మూడు బిళ్ళలు ఒకదానితో ఒకటి అన్ని జతల్లోనూ సరిపోయాయంటే మూడూ చదునేనని అర్థం. ఒకటి గుంటైతే దానికి సరిపోయేది గుట్ట కావాలి, మూడోది ఆ రెండింటికీ ఒకేసారి సరిపోదు కదా.

పరుగున వెళ్ళి దామోదర్‌కి చెప్పాను. మొత్తం విన్నాడు. నెమ్మదిగా పెన్ను మూత పెట్టాడు.

"వాళ్ళది మాస్టర్. మాస్టర్ తప్పెలా అవుతుందమ్మా?"

"చట్రంలో బిగుతు ఎక్కువైతే వంగుతుంది సార్. స్క్రూ ఒక్క పావు తిప్పు ఎక్కువ తిరిగినా చాలు. గాజుకి అది ఇంగ్లండు చట్రమని తెలీదు."

"కస్టమర్‌కి వాళ్ళ రిఫరెన్సే రాంగ్ అని చెప్తావా? ఇక్కడ నలభై కుటుంబాలున్నాయి కిరణ్మయీ. రేపు వాళ్ళు చైనా వెళ్ళిపోతే నీ ఫిజిక్స్ వచ్చి వాళ్ళకి అన్నం పెడుతుందా?"

ఆ మాటలో నిజం ఉంది, కాదనను. ఆయన నాతో పాటు షాపులోకి వచ్చి, రామాంజినప్ప బల్ల దగ్గర నిలబడి ఇంకో దారి చెప్పాడు.

"రామాంజినప్పా, ఒక పని చేయండి. ఈ ఇరవైరెండూ ఆ మాస్టర్‌కి మ్యాచ్ అయ్యేలా రుద్దెయ్యండి. రెండు రోజుల పని. ఫారం గొడవే ఉండదు, నేను గిల్బర్ట్‌తో మాట్లాడుకుంటా."

రామాంజినప్ప చేతులు నీళ్ళలోంచి తీశాడు. మోచేతుల దాకా ఎర్ర పొడి.

"అంటే సక్కంగా ఉండేదాన్ని వంకర చేయల్లనా?"

"మ్యాచ్ చెయ్యాలి."

"వంకర తీసేది నాకు వస్తాదప్పా. వంకర పెట్టేది ఎవురూ నేర్పించల్యా."

"అయితే ఫారంలో మీ పేరే ఉంటుంది. శుక్రవారం ఆఖరు రోజు. తర్వాత నన్ననకండి."

"రాసుకోండి. నా పేరు రాసుకోండి. నా చేత్తో తప్పు బిళ్ళ చేయించొద్దు." ఆయన గొంతు పెద్దది కాలేదు. చేతులు మళ్ళీ నీళ్ళలో పెట్టాడు, అంతే. కానీ ఆ పూట ఆయన తెచ్చుకున్న రాగిముద్ద డబ్బా మూత తీయలేదని నేను చూశాను.

గురువారం పొద్దున నేను ఏం చేశానో చెబుతాను. తొమ్మిదింటికి టెస్ట్ రూమ్ తలుపు లోపల గడియ పెట్టి, మాస్టర్ చట్రం మీద లక్క సీళ్ళు మూడూ పగలగొట్టాను. కొంత భయమూ ఉందిలెండి, కానీ ఎక్కువ కోపంతోనే. రెండు స్క్రూలు వేళ్ళతోనే వదులయ్యాయి. మూడోది రాలేదు. స్క్రూడ్రైవర్‌తో బలమంతా పెడితే టక్కుమని తిరిగింది. అంత బిగించాడు, ఏ మహానుభావుడో.

బిళ్ళని చట్రంలోంచి మెత్తటి గుడ్డ మీదకి జార్చాను. అంచు తుడుస్తుంటే గోరుకి ఏదో తగిలింది. దీపం కిందకి తెచ్చి చూశాను.

ఒక అడ్డగీత. దాని మీద రెండు చుక్కలు. పక్కన 95.

తలుపు తీసి రామాంజినప్పని లోపలికి పిలిచాను. ఆయన భూతద్దం పెట్టి చూశాడు. పక్కకి పెట్టాడు. మళ్ళీ పెట్టి చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. ఆయన ముఖం కందగడ్డ అయింది.

"దొంగ నా కొడుకులు! శాంపుల్ అని ఎత్తుకోని పోయి, పేరు మార్చి నా మీదికే తోలినారు కదమ్మా!" తర్వాత చట్రం చేతిలోకి తీసుకుని ఆ మూడో స్క్రూ వైపు చూశాడు. నిజమైన కోపం అప్పుడొచ్చింది. "ఇట్లనా బిగించేది? గాజు ఇది, గాజు! పిండి పెట్టినారు. ఎనిమిదేండ్లు సక్కంగా ఉండిన బిళ్ళని పిండి పెట్టి నాకు చూపు లేదంటారా?"

నేను వెంటనే దీపం కింద పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊహూ. నిద్రపోనీ." అంత కోపంలో కూడా. నాలుగు గంటలు. నేను తలుపుకి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. దామోదర్ రెండుసార్లు వచ్చి తట్టాడు, పరీక్ష నడుస్తోందన్నాను. అబద్ధం కాదు.

ఒంటిగంటకి చూశాం. గీతలు తిన్నగా ఉన్నాయి. సాయంత్రంలోపు ఇరవైరెండు బిళ్ళలూ దానితో పోల్చాను. ఇరవైరెండూ తిన్నగా ఉన్నాయి. ఉండవా మరి. ఒకే చెయ్యి.

శుక్రవారం గిల్బర్ట్ వచ్చాడు. పొడుగ్గా, తెల్లగా, మర్యాదగా ఉన్నాడు. టీ ఇచ్చిన మనిషికి కూడా థ్యాంక్స్ చెప్పాడు. అలాంటి మర్యాదస్తుల మీద అరవడం కష్టం, అందుకే వాళ్ళంటే నాకు మరీ కోపం. నేను ఎక్కువ మాట్లాడలేదు. మాస్టర్‌ని చట్రంలో పెట్టి మూడో స్క్రూ బిగించి చూపించాను, వంకర. బిళ్ళని బయటికి తీసి నాలుగు గంటలు ఆగమన్నాను. "మా వాళ్ళ దగ్గర ఇది పద్ధతి" అన్నాను. ఆగాడు. భోజనం చేసి వచ్చాడు. అప్పుడు చూపించాను, తిన్నగా. తర్వాత భూతద్దం ఆయన చేతికిచ్చి అంచు చూడమన్నాను. పక్కన రామాంజినప్ప బిళ్ళ ఒకటి పెట్టాను, అదే గుర్తుతో, 03 అని.

దామోదర్ ముఖంలో నెత్తురు లేదు. సీలు పగిలిన సంగతి ఆయనకి ఆ పొద్దునే తెలిసింది.

గిల్బర్ట్ రెండు అంచులూ చూసి, "ఇంట్రెస్టింగ్" అన్నాడు.

ఇంట్రెస్టింగ్ అట! ఒక మనిషిని నడిబజార్లో దొంగని చేయబోయి, ఆఖరికి సొత్తు ఆ మనిషిదేనని తేలితే, ఇంట్రెస్టింగ్.

తర్వాత మూడు విషయాలు చెప్పాడు. సరుకు ఒప్పుకుంటున్నాం, శనివారమే పంపండి. సీలు పగలగొట్టడం తీవ్రమైన విషయం, దాని మీద రాతపూర్వకంగా సంజాయిషీ కావాలి. మూడోది, సరుకు మీద గుర్తులు ఉండటం కాంట్రాక్టుకి విరుద్ధం, పంపేముందు ఇరవైరెండింటి మీదా తీసేయండి. ఇంత చెప్పి మాస్టర్ బిళ్ళని మెత్తటి సంచిలో చుట్టి తన బ్యాగులో పెట్టుకున్నాడు. దీని సంగతి మేం చూసుకుంటాం అన్నాడు. ఏం చూసుకుంటారో నాకు తెలుసు. ఆ అంచు మీద గుర్తు ఇంకో వారం ఉండదు.

"సార్, పదకొండో గడిలో ఏం రాయమంటారు?" అన్నాను ఇంగ్లీషులో. "పన్నెండో గడిలో ఎవరి పేరు?"

గిల్బర్ట్ చిరునవ్వు నవ్వి, ఇక ఆ ఫారంతో అవసరం లేదన్నాడు. దామోదర్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. గంట క్రితం దాకా ఒక మనిషి బతుకు అందులో పట్టేసింది. ఇప్పుడు అవసరం లేదట.

రామాంజినప్పని చూడాలని గిల్బర్ట్ అడగలేదు. అద్దం గోడకి అటువైపు ఆయన కనిపిస్తూనే ఉన్నాడు, పది అడుగుల దూరంలో. కారెక్కేటప్పుడు కూడా అటు చూడలేదు.

దామోదర్ మాత్రం బల్ల దగ్గరికి వెళ్ళి, "ఏం లేదులెండి, మీ పని మీరు చేసుకోండి" అన్నాడు. క్షమాపణ అనే మాట ఆయన నోట్లో ఇరుక్కుపోయిందేమో. "అంచు మీద ఆ గీతలు మాత్రం గీకెయ్యండి. వాటి వల్లే ఇంత గొడవ."

వాటి వల్లే గొడవ! వాటి వల్ల కదయ్యా గొడవ తీరింది! ఈ మాట నేను గట్టిగానే అన్నాను. ఆయన వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రామాంజినప్ప సానరాయి పట్టుకుని కూర్చుని ఒక్కొక్క బిళ్ళ అంచు మీద తన గుర్తు తానే చెరిపాడు. ఆ చప్పుడు నాకు పళ్ళు పులిసేలా ఉంది.

"ఎందుకు గీకుతాండావన్నా? రాదని చెప్పు. మొన్న చెప్పినావు కదా."

"మొన్న వంకర చేయమన్నారు, అది తప్పు పని. ఇది తప్పు పని కాదు, తెలివి లేని పని. రెండూ ఒగటి కాదమ్మా." బిళ్ళని ఎత్తి దీపానికి పట్టి చూశాడు. "నాకేం పోయె? రేపు దీంట్లో తప్పొస్తే ఎవురి దగ్గరికి పోవల్లనో వాళ్ళకే తెలీదు. అడ్రెస్సు లేని బిళ్ళ అయిపాయె."

బస్సులో మడివాళ వచ్చేదాకా అదే మాట నా చెవుల్లో ఉంది. పీజీలో అన్నం తినలేదు.

శనివారం పొద్దున బిళ్ళలన్నీ నిద్ర లేచాక మరోసారి జతలు కలిపి చూశాను. ఇరవైరెండు సర్టిఫికెట్లు ముందు పెట్టుకున్నాను. సరుకు నంబరు. తేదీ. పరీక్షించినవారు, కిరణ్మయి. పోల్చి చూసిన మాస్టర్, ఫలానా నంబరు. ఆ మాస్టర్ చేసినవారు, చేసిన చోటు.

మూడేళ్ళు ఆలోచించకుండా 'ఇంగ్లండు' అని నింపిన గడి అది. అందులో అబద్ధం రాస్తే కొలత చెల్లదని వాళ్ళ రూలు పుస్తకంలోనే ఉంది. నేను రూలు పాటించాను. 'రామాంజినప్ప, హూడి, బెంగళూరు' అని ఇరవైరెండింటిలో రాసి సంతకం చేశాను.

దామోదర్ ఒకటి తీసి చదివి ఎర్రబడ్డాడు. "ఇదేంటి? మార్చి మళ్ళీ రాయి."

"నేను చూసింది అదే సార్. మీరు వేరేది రాయదలిస్తే మీరే సంతకం పెట్టండి."

ఆయన సంతకం అక్కడ చెల్లదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. బయట లోడు తీసుకెళ్ళే రియాజ్ టెంపో స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. మూడింటి లోపల ఎయిర్‌పోర్టు కార్గోలో ఇవ్వకపోతే విమానం పోతుంది. ఆ సంతకంతో ఆ కంపెనీలో నాకు నూకలు చెల్లాయని అప్పుడే తెలుసు. తర్వాతి నెలలో చెల్లాయి కూడా.

కాగితాలు మడిచేముందు రామాంజినప్పని పిలిచాను. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. మొదటి సర్టిఫికెట్ చదివి తెలుగులో చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన నుదురు చిట్లించాడు.

"హూడి అని రాసినావా?"

"అవునన్నా."

"హూడిలో ఎప్పుడు చేస్తిని? తొంభై అయిదులో నేను మాగడి రోడ్డులో కదా ఉంటిని. అది తప్పమ్మా."

"అన్నా, టెంపో నిలబడి ఉండాది..."

"నిలబడనీ. ఇంగొకటి. నేనొకడినే చేయల్యా. మొదట అరగదీసింది వెంకటరమణప్ప. చివర రుద్దింది నేను. ఆయన పేరు ముందర రావల్ల." ఆయన కాగితం నా వైపు జరిపాడు. "తప్పు కాయితంతో బిళ్ళని బయటికి పంపేది లేదు."

దామోదర్ తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. రియాజ్ హారన్ ఆపడం లేదు. నేను ఇరవైరెండు సర్టిఫికెట్లూ చింపేసి కొత్తవి తీశాను. వెంకటరమణప్ప, రామాంజినప్ప. మాగడి రోడ్డు, బెంగళూరు. 1995. ఒక్కొక్కటీ రాసి పైకి చదివాను. ఆయన నా పక్కనే నిలబడి ఇరవైరెండూ విన్నాడు. ఆఖరిది విన్నాక తల ఊపి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.